పరుష పదజాలం

ఆకివీడు,
జూన్ 18.

నాన్నగారికి,

మీకూ అమ్మకూ వందనాలు. నా ఆరోగ్యానికేం లోటు లేదు. మిగతా క్షేమాలు చివర్లో రాస్తాను, ఓపిక మిగిలితే. ముందు నాకొక మాటకు అర్థం కావాలి. తాడేపల్లిగూడెం మిషన్ స్కూల్లో అన్నేళ్ళు తెలుగు చెప్పారు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. ‘పరుషం’ అంటే ఏమిటి? ఎవరి నోటి నుంచి వస్తే పరుషం, ఎవరి నోటి నుంచి వస్తే కాదు?

నిన్న కంపెనీ నాకొక నోటీసు ఇచ్చింది. ‘పై అధికారి పట్ల పరుష పదజాలం ఉపయోగించినందుకు’ నా మీద విచారణట. తప్పు ఒప్పుకొని క్షమాపణ రాసిస్తే ఇక్కడితో వదిలేస్తారట. రాయకపోతే ఏలూరు ఆఫీసుకు వెళ్ళి సంజాయిషీ చెప్పుకోవాలి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అక్కడే తేలుతుంది. ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ ఫోన్లో మీకు సగం వినపడదు, వినపడిన సగానికి ‘సరేలేమ్మా, సర్దుకో’ అంటారు. అందుకే ఈ కాగితం.

ఆ పై అధికారి మా మేనేజర్ కోదండరామయ్యగారు. ఆయన గురించి మీకెప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి పట్టు దొరికే మనిషి కాదు. గొంతు పెంచరు. బూతు ఆయన నోట ఎవరూ వినలేదు. షెడ్డులో రొయ్యలు వలిచే ఆడవాళ్ళను కూడా పేరు చివర ‘గారు’ పెట్టే పిలుస్తారు. వచ్చినవాళ్ళంతా ‘ఎంత మెత్తని మనిషండీ’ అని మెచ్చుకొని వెళ్తారు. ఆ మెత్తదనం ఎలా ఉంటుందో చెబుతాను. వెంకటనరసమ్మగారని పెద్దావిడ ఉంది, ఐసు నీళ్ళలో చేతులు పెట్టీ పెట్టీ వేళ్ళు వాచిపోయాయి, పని కాస్త నెమ్మది. ఆవిడ వెనకాల నిలబడి, ‘నరసమ్మగారూ, మీరు పనికొస్తున్నారాండీ, చల్లగా ఉందని కూర్చోడానికొస్తున్నారాండీ?’ అంటారు. చుట్టూ ఉన్న సూపర్‌వైజర్లు నవ్వుతారు. నేను ల్యాబులో సరుకు పరీక్ష చేసి ఒక లోడు తిప్పి పంపితే, ‘శాలినిగారికి దేవుడు మంచి గొంతిచ్చాడండీ, ఆదివారం చర్చి పాటకి. బుర్ర కూడా ఇచ్చుంటే మన కంపెనీ బాగుపడేదండీ’ అన్నారు. ప్రతి మాటకూ ఒక అండీ. మిఠాయి కాగితంలో బ్లేడు చుట్టి చేతిలో పెడతారు చూడండి, అలా. ఎవరికి చూపించినా కాగితమే కనపడుతుంది.

ఇంతకాలం ఊరుకున్నాను. పోయిన సోమవారం ఊరుకోలేకపోయాను.

మండవల్లి వైపు నుంచి బస్సులో వచ్చే సుబ్బాయమ్మ అనే ఆమె ఉంది. ఏడో తరగతి చదువుతున్న కొడుకు చెరువులో పడి పోయాడు. పిల్లాడు పోయిన తర్వాత ఆమె మొదటిసారి పనిలోకి వచ్చింది ఆ రోజే. టోపీ పెట్టుకొని, బూట్లు వేసుకొని, తన చోట తను నిలబడి రొయ్య తల తీస్తోంది. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీక పక్కన నిలబడడమే ఓదార్పు అన్నట్టు ఉన్నాం. ఈయన వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకొని, అదే మెత్తని గొంతుతో, ‘రండి సుబ్బాయమ్మగారూ. మీరు లేక లైను ఎంత వెనకబడిందో తెలుసాండీ? అయినా నీళ్ళ పక్కన కాపురముండేవాళ్ళు పిల్లలకి ఈతన్నా నేర్పించుకోవాలి కదండీ’ అన్నారు.

నాన్నగారూ, ఆమె తల ఎత్తలేదు. చేతిలో రొయ్య మాత్రం నలిగిపోయింది.

నేను అక్కడే ఉన్నాను. ‘నువ్వు మనిషివేనా?’ అన్నాను. ‘నోరు ముయ్యి’ అని కూడా అన్నాను. అరిచాననే అంటున్నారు, అరిచే ఉంటాను. షెడ్డంతా ఆగిపోయింది. ఆయన ముఖం ఎర్రబడింది, కానీ నా ప్రశ్నకు కాదు. ‘నన్ను నువ్వు అన్నారా మీరు?’ అన్నారు. రెండుసార్లు అదే అడిగారు. ఆయనకు వినపడింది ఆ ఒక్క మాటే.

ఇక చెప్పండి. పరుషం అంటే ఏమిటి?

మీ
శాలిని


తాడేపల్లిగూడెం,
జూన్ 23.

చిట్టితల్లి శాలినికి,

నాన్న దీవెనలు. నీ ఉత్తరం అందింది. మీ అమ్మకు చదివి వినిపించాను. రాత్రి ప్రార్థనలో ఆ తల్లిని తలుచుకున్నాం.

అర్థం అడిగావు కాబట్టి ముందు అదే చెబుతాను. పరుషమంటే గరుకైనది. ముళ్ళూ గరుకూ ఉండి, తాకితే చర్మం గీరుకుపోయేది. చేతికి తగిలేవాటికి పుట్టిన మాట తర్వాత చెవికి తగిలేవాటికి కూడా వచ్చింది. తిట్టు వేరు, కసురు వేరు, దెప్పడం వేరు. కావలసినవాళ్ళు నొచ్చుకొని అనేది నిష్ఠూరం, అందులో ప్రేమ మిగిలి ఉంటుంది. పరుషంలో మిగలదు. విన్నవాడి మనసు గీరుకుపోవాలి, అదీ దాని లక్షణం. నీకు ఎనిమిదో తరగతిలో చెప్పిన వ్యాకరణం గుర్తుందో లేదో, క చ ట త ప లను పరుషాలంటాం, గ జ డ ద బ లను సరళాలంటాం. ‘పూచెను కలువలు’ అన్నది కలిపి పలికితే ‘పూచెను గలువలు’ అవుతుంది. పక్క అక్షరంతో కలిసి బతకాలి కాబట్టి క తన గరుకు వదులుకొని గ అవుతుంది. భాష మనకు నేర్పే మర్యాద అదేననిపిస్తుంది నాకు.

ఆయన అన్న మాట చెడ్డది. అందులో నాకు సందేహం లేదు. కానీ అమ్మా, నువ్వు ఏకవచనంలో మాట్లాడావు. వయసులో పెద్దాయన, పైన అధికారి. మన గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లాణ్ణి కూడా ‘ఏమండీ బాబూ’ అంటాం. మన ఇంట్లో నేను గానీ మీ అమ్మ గానీ పైవాళ్ళను నువ్వు అన్నది నువ్వెప్పుడైనా విన్నావా? న్యాయం నీ వైపు ఉన్నా, నోరు జారితే ఆ న్యాయం కాస్తా అవతలివాడి చేతిలోకి పోతుంది. వాళ్ళకు కావలసింది ఒక కాగితం ముక్క. రాసిచ్చెయ్యి. ‘ఆవేశంలో అన్నాను, క్షమించగలరు’ అంటే చాలు. కాగితం మీద వంగితే మనిషి వంగినట్టు కాదు. నువ్వు కష్టపడి చదువుకొని తెచ్చుకున్న ఉద్యోగం. మన పేట నుంచి ల్యాబులో కూర్చొని పని చేసే ఆడపిల్లవు నువ్వే.

కావాలంటే క్షమాపణ నేనే రాసి పంపుతాను, నువ్వు సంతకం చేస్తే సరిపోతుంది.

మీ నాన్న,
విశ్వాసం


ఆకివీడు,
జూన్ 27.

నాన్నగారికి,

మీ ఉత్తరం అందింది. చదివాక వరండాలోకి వచ్చాను. రోడ్డు మీద చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోతున్నాయి. ఆ రోత వాసన కూడా ఆ ఉత్తరం కన్నా నయమనిపించింది. కోపంగా రాస్తున్నాను. తగ్గాక రాద్దామని రెండు రోజులు చూశాను, తగ్గలేదు.

విన్నవాడి మనసు గీరుకుపోవడమే పరుషం లక్షణమని మీరే రాశారు. మరి ఎవరి మనసు గీరుకుపోయింది నాన్నగారూ? సుబ్బాయమ్మదా, కోదండరామయ్యగారిదా? మీ సొంత అర్థం ప్రకారమే నోటీసు ఎవరికి రావాలి? అర్థం ఇంత సరిగ్గా చెప్పిన మనిషి, మరుసటి పేరాలోనే నన్ను క్షమాపణ రాయమంటున్నారు. తెలిసి కూడా రాయమంటున్నారు. తెలియనివాళ్ళ మీద నాకు ఇంత కోపం రాదు.

ప్రార్థనలో దేవుణ్ణి ‘నీవు’ అంటాం. ‘నీవే నా కాపరివి’ అని మీరే కళ్ళు మూసుకొని అంటారు. దేవుణ్ణి అనొచ్చు, కోదండరామయ్యగారిని అనకూడదు.

ఇప్పుడు ఇంకో మాట రాస్తాను. ఇది ఇన్నాళ్ళూ అమ్మకు కూడా చెప్పలేదు. నాకు అప్పుడు పదేళ్ళో, పదకొండో. బుల్లిరాజుగారి కొడుకు ఫణికిరణ్‌కు మీరు తెలుగులో మార్కులు తక్కువ వేశారు. బుల్లిరాజుగారు బండి మీద మన పేటలోకి వచ్చి, మన గుమ్మం ముందు ఇంజను ఆపకుండానే, ‘ఏరా విశ్వాసం, నువ్వు మా వాణ్ణి తప్పిస్తావురా?’ అన్నాడు. మీకన్నా చిన్నవాడు. మీరు చేతిలో పుస్తకంతో బయటికి వచ్చి, ‘ఆయ్, లేదండి, చూస్తానండి’ అన్నారు. నేను మీ వెనకాలే ఉన్నాను. ‘మా నాన్నని ఏరా అనకు’ అన్నాను. అంతే అన్నాను. ఆయన నవ్వాడు. మీరు నవ్వలేదు. నా భుజం పట్టుకొని ముందుకు తోసి, ‘తప్పయిపోయిందండి అని చెప్పు’ అన్నారు. నేను చెప్పలేదు. మీ వేళ్ళు బిగిశాయి. అప్పుడు చెప్పాను.

మీరు కొట్టలేదు, తిట్టలేదు. రాత్రి అన్నంలో నాకిష్టమని గుడ్డు కూడా పెట్టించారు. కానీ ఆ రోజు నుంచి మీరు ఎవరితో ‘అండీ’ అన్నా నా భుజం మీద ఆ వేళ్ళు తగులుతాయి. స్కూల్లో పిల్లలందరూ మిమ్మల్ని మాస్టారూ అని ఎంత గౌరవంగా పిలిచేవారో! ఆ పిల్లల తండ్రులు మాత్రం ఏరా అనేవారు. ఏరా అన్నవాళ్ళది ఎవరూ పరుషమనలేదు. అదంతా వాళ్ళకు అలవాటు. నాది పరుషం.

క అనే అక్షరం గ అవుతుందని రాశారు. పక్కవాళ్ళతో కలిసి బతకడానికి ఎప్పుడూ మనమే ఎందుకు మారాలి? వాళ్ళలో ఒక్క అక్షరం కూడా మారదేం? మీరు జీవితమంతా మారుతూనే వచ్చారు. ఇంకెంత మెత్తబడతారు? ఇప్పుడు నా మాట కూడా మెత్తబరచి మీరే రాసిస్తానంటున్నారు.

నేను రాయను. విచారణకు వెళ్తున్నాను. ఉద్యోగం పోతే పోనివ్వండి. ఇక్కడ ల్యాబులు చాలా ఉన్నాయి. మీరు క్షమాపణ రాసి పంపితే, చదవకుండా చింపేస్తాను. ఇది మీ మీద పరుషంగా ఉందని తెలుసు. తెలిసే రాస్తున్నాను.

శాలిని


ఆకివీడు,
జూలై 9.

నాన్నగారికి,

నా ఉత్తరానికి మీరు జవాబు రాయలేదు. రాయరనే అనుకున్నాను. అయినా విచారణలో జరిగింది మీకు చెప్పకుండా ఉండలేను. కోపం తగ్గిందనుకోకండి. అది ఇప్పుడు వేరే వైపు తిరిగింది, అందులో కొంత నా మీదే.

ఏలూరు ఆఫీసులో పొడుగాటి బల్ల. అటువైపు రత్నకుమారిగారని సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు, పక్కన ఇంకో ఇద్దరు. ఇటు నేను. కిటికీ దగ్గర కోదండరామయ్యగారు, ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, ముఖంలో ఎక్కడలేని బాధ. ఆయన చాలా బాగా మాట్లాడారు. ‘ఆవిడ మీద నాకేం కోపం లేదండీ. కూతురి లాంటిది. కానీ అంతమంది కార్మికుల ముందు నన్ను ఏకవచనంలో అన్నారండీ. రేపు షెడ్డులో క్రమశిక్షణ ఏముంటుందండీ?’ అన్నారు. రత్నకుమారిగారు నన్ను అడిగారు. అన్నది ఒప్పుకున్నాను. ఎందుకన్నానో చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపుతూ, ‘అయ్యో, నేను సలహాగా అన్నానండీ. కావాలంటే ఆమెనే అడగండి’ అన్నారు. సాక్షిగా సుబ్బాయమ్మను ఆయనే కంపెనీ బస్సులో తీసుకొచ్చారు. ఆమె ఎప్పుడూ నోరు విప్పని మనిషి. అందుకే తెచ్చారు.

సుబ్బాయమ్మ వచ్చి గుమ్మం పక్కనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. ‘శాలిని మేనేజరుగార్ని అన్న మాట విన్నారా అమ్మా?’ అని రత్నకుమారిగారు అడిగారు.

‘విన్నానండి. నువ్వు మనిషివేనా అన్నారండి.’

ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. ‘సరే, మీరు వెళ్ళొచ్చు’ అన్నారు ఆఫీసరు. ఆమె కదలలేదు. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, నేల చూస్తూ, ఆయన వైపు తిరిగింది.

‘మా వాడికి ఈతొచ్చండి’ అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

‘కొల్లేటి ఒడ్డున పుట్టినోళ్ళమండి. మా బన్నీగాడు సరిగ్గా నడక రాకముందే నీళ్ళలో దిగాడండి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మునకేసి వెళ్ళేవాడండి. ఈత రాక కాదండి పోయింది. రొయ్యలకి గాలాడాలని చెరువులో గాలి చక్రాలు తిప్పుతారు కదండి, ఆ కరెంటు తీగ తెగి నీళ్ళల్లో పడుందండి. బడి నుంచొచ్చి కాళ్ళు కడుక్కుందామని దిగాడండి. తీగ తెగిందని అంతకు ముందురోజే చెరువాయనకి మా ఆయన చెప్పాడండి. చూద్దాంలే అన్నాడంటండి. మేం వెళ్ళేసరికి వాళ్ళ మనుషులు కరెంటాపి తీగ లాగేస్తన్నారండి. పోలీసులు మునిగిపోయాడని రాసుకెళ్ళారండి. మీరూ అదే అన్నారండి.’

గొంతు పెంచలేదు నాన్నగారూ. ఆయన మాటల్లో ఉన్నన్ని అండీలు ఆమె మాటల్లోనూ ఉన్నాయి. రత్నకుమారిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ‘ఇది ఎవరికైనా చెప్పారా అమ్మా?’ అన్నారు.

‘ఎవరూ అడగలేదండి’ అంది సుబ్బాయమ్మ.

అది నాకు తగిలింది. కోదండరామయ్యగారికి తగిలిందో లేదో నాకు తెలీదు, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. నేను ఆమె కోసం అరిచానని గొప్పగా అనుకున్నాను. మీకు అంతంత ఉత్తరాలు రాశాను. నువ్వా మీరా, పరుషమా సరళమా అని మీతో వాదించాను. ఆ పిల్లాడు ఎలా పోయాడమ్మా అని ఒక్కసారి ఆమెను అడగలేదు. ఆ గదిలో వినేదాకా నాకు వాడి పేరు కూడా తెలీదు.

నోటీసు సంగతి చెబుతాను. ‘ఇకముందు సంయమనం పాటించవలెను’ అని ఇద్దరికీ ఒకే కాగితం ఇచ్చి ముగించారు. ఆయన ఇప్పుడు షెడ్డులో ఎవరితోనూ మాట్లాడడం లేదు. చెప్పాల్సింది సూపర్‌వైజరుతో చెప్పిస్తున్నారు. నరసమ్మగారు హాయిగా ఉందంటోంది.

ఆదివారం నేను సుబ్బాయమ్మ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ గుడిసె గట్టు మీదే, అవతల నీళ్ళు. ఆ చెరువులో గాలి చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. పై అధికారులకు అర్జీ పెడదామని అడిగాను. భర్త భయపడ్డాడు, చెరువాయన భూమిలోనే వాళ్ళ ఇల్లు ఉంది. సుబ్బాయమ్మ మాత్రం, ‘రాయండమ్మా, వేలిముద్ర వేస్తాను’ అంది. రాద్దామని కూర్చున్నాను. కాగితం నిండా కోపం తప్ప ఇంకేం రావడం లేదు. ఏ మాట ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు. మీకు తెలుసు. అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

మీ
శాలిని


తాడేపల్లిగూడెం,
జూలై 16.

నా తల్లి శాలినికి,

నాన్న దీవెనలు. నీ మొదటి ఉత్తరానికి మల్లే ఇది కూడా అమ్మకు చదివి వినిపించాను. మధ్యదాన్ని మాత్రం అమ్మే తీసుకొని చదువుకుంది. చదివాక మడిచి తన బైబిల్లో పెట్టుకుంది. ఆ ఉత్తరానికి జవాబు మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ అది సంజాయిషీ అయింది. సంజాయిషీ వద్దనుకున్నాను. నువ్వు రాసింది నిజం.

నీ ఆఖరి ఉత్తరం వచ్చిన మర్నాడు నేనూ అమ్మా మండవల్లి వెళ్ళాం. నీకు చెప్పలేదు, నువ్వు సెలవు పెడతావని. సుబ్బాయమ్మగారి అరుగు మీద కూర్చొని అంతా విన్నాను. నాకు వినపడని చోట అమ్మ మళ్ళీ అడిగి చెప్పించింది. మేం కూర్చున్నప్పుడే చెరువాయన మనిషి ఒకడు గట్టు మీద నుంచి వచ్చాడు. ‘ఎవరయ్యా నువ్వు, ఇక్కడేం పని నీకు?’ అన్నాడు. పాతికేళ్ళుంటాయేమో. నాలుక చివరి దాకా ‘ఏం లేదండి’ అన్న మాటే వచ్చింది శాలినీ. అలవాటు. దాన్ని మింగి, ‘అర్జీ రాస్తున్నాను. నీ పేరు కూడా చెప్పు, రాసుకుంటాను’ అన్నాను. వాడు వెళ్ళిపోయాడు. అమ్మ కాగితం ఎగిరిపోకుండా పట్టుకుంది.

అర్జీ దీనితో పంపుతున్నాను. సుబ్బాయమ్మగారు వేలిముద్ర వేశారు, ఆమె భర్త కూడా కాసేపు బయట తిరిగొచ్చి వేశాడు. ఇల్లు ఖాళీ చేయిస్తే మన పేటలో మీ బాబాయి గది ఉందని చెప్పి వచ్చాం. సోమవారం నేను ఆకివీడు వస్తాను. ఏలూరులో కలెక్టరుగారికి మనమందరం కలిసి ఇద్దాం. సుబ్బాయమ్మగారు ముందు నడుస్తారు, మనం వెనక.

ఒక్క మాట దగ్గర మాత్రం నీ అభిప్రాయం కావాలి. మొదట ‘బాలుడు ప్రమాదవశాత్తు మరణించెను’ అని రాశాను. ఇన్నేళ్ళుగా అర్జీలు రాసిన చెయ్యి అలాగే రాసింది. అది కొట్టేసి, ‘నిర్లక్ష్యం వలన చనిపోయాడు’ అని రాశాను. ఆమెకు చదివి వినిపించాను. ఆమె చెరువు వైపు చూసింది. అది కూడా కొట్టేశాను. ఇప్పుడు ‘తీగ తెగిందని తెలిసి, ఊరుకొని, మా బిడ్డను చంపారు’ అని ఉంది.

మాట పరుషంగానే ఉంది. అలాగే ఉంచుదామనుకుంటున్నాను. నువ్వేమంటావు?

నాన్న